నూగు వాలు

కార్ల సీట్లు కుట్టే దుకాణంలో ఇద్దరే మనుషుల కింద లెక్క. ఒకరు కోసేవాళ్ళు, ఇంకొకరు కుట్టేవాళ్ళు. కోసేవాడు ముందుగదిలో పెద్ద బల్ల దగ్గర నిలబడతాడు. బండి తెచ్చినవాళ్ళతో మాట్లాడేదీ, గుడ్డ ఎంచేదీ, ఇలా కాదు అలా అని చెప్పేదీ అతనే. అతన్ని మేస్త్రీ అంటారు. కుట్టేవాళ్ళు వెనకగదిలో గోడకి ఎదురుగా మిషను ముందు కూర్చుని, కోసి ఇచ్చింది కుడతారు. పని బాగుంటే కోసినవాడి గొప్ప, చెడితే కుట్టినవాళ్ళ ఖర్మ. ఈ పనిలో పుట్టి పెరిగినవాళ్ళకి ఇది అన్యాయమని కూడా తోచదు.

సూదక్కకి తోచింది. ఆమెకొచ్చిన బాధంతా అదే.

అసలు పేరు ఇంట్లోవాళ్ళే మరిచిపోయారు. చేతిలో ఎప్పుడూ సూది ఉంటుంది కాబట్టి సూదక్క అని కొందరంటారు, నోరు కూడా సూదే కాబట్టి అని మరికొందరంటారు. రెండోవాళ్ళ మాటే ఎక్కువ నిజం. ఒకాయన తన బండి సీట్లకి చిరుతపులి మచ్చల గుడ్డ వెయ్యమని వస్తే, వెనకగదిలోంచే "వేస్తాంగానీ, రోజూ దానికి మాంసం మీరే పెట్టుకోవాలి" అంది. ఆ మనిషి విసురుగా లేచి వెళ్ళిపోతే తమ్ముడు వీధి చివరిదాకా పరిగెత్తి బతిమాలి తీసుకొచ్చుకున్నాడు. ఆ చిరుతపులి సీట్లు ఆమే కుట్టింది. తిట్టుకుంటూ కుట్టినా, వీధిలో అంత శుభ్రమైన కుట్టు ఇంకోటి లేదు.

దుకాణం తండ్రి పెట్టింది. ఆమెకి మిషను మీద కాళ్ళు అందని వయసులోనే ఆయన నూగు చూడడం నేర్పాడు. కార్పెట్టు మీద అరచెయ్యి పెట్టి ఒకవైపు రాస్తే మెత్తగా పోతుంది. రెండోవైపు రాస్తే గరుగ్గా ఎదురు తిరుగుతుంది. మెత్తగా పోయే వైపే నూగు వాలు. బండిలో పరిచే ముక్కలన్నిటికీ వాలు ఒకే వైపు ఉండాలి. ఒక్క ముక్క తిరగబడినా, నీడలో ఏమీ తెలియదు. ఎండలోకి తెచ్చామా, ఒకటి చిక్కటి రంగులో, ఒకటి వెలిసిపోయినట్టు, రెండు వేరువేరు కార్పెట్లు తెచ్చి అతికించారా అన్నట్టు కనిపిస్తుంది. అందుకని కొయ్యకముందే ప్రతి ముక్క వెనకా వాలు ఎటో సుద్దతో బాణం గుర్తు వెయ్యాలి. అది ఆ ఇంటి పద్ధతి. తండ్రి తిండైనా మానేవాడేమో గానీ బాణం గుర్తు మానేవాడు కాదు.

ఆయన చేతులు వణకడం మొదలయ్యాక కత్తెర కూతురి చేతికి వచ్చింది. కోసేది ఆమె, పక్కన నిలబడి మాట్లాడేది ఆయన. "పెద్దాయన చెయ్యి ఇంకా చెక్కుచెదర్లేదు" అని వచ్చినవాళ్ళు మెచ్చుకుంటే ఆయన నవ్వి ఊరుకునేవాడు. ఆమె కూడా నవ్వేది. పేరు వస్తే మాత్రం ఎవరికి వచ్చింది, తండ్రికేగా అనుకునేది. పెళ్ళి సంబంధాలు కూడా వచ్చాయి. "ఈ బండి అయిపోనీ," "ఆ బస్సు సీట్లు అయిపోనీ" అంటూ ఆయన ఒక్కొక్కటే దాటవేశాడు. పిల్లనిచ్చేస్తే దుకాణం ఇచ్చేసినట్టేనని ఆయనకి తెలుసు. చివరికి సంబంధాలే విసుగెత్తి రావడం మానుకున్నాయి. ఈ సంగతి తలుచుకుని తండ్రిని ఆమె ఎప్పుడూ ఏమీ అనలేదు. నాకు మాత్రం అనాలనిపిస్తుంది.

తండ్రి పోయాక తమ్ముడు ఊళ్ళోకి దిగాడు. అప్పటిదాకా టైర్లు అమ్మాడు, లారీలు కుదిర్చాడు, ఇంకా ఏవేవో చేశాడు. పట్టిందల్లా చెయ్యి కాలేదాకా పట్టుకుని అప్పుడు వదిలాడు. వచ్చిన మర్నాడే బల్ల దగ్గర నిలబడి కత్తెర చేతిలోకి తీసుకున్నాడు.

"నువ్వు లోపల కూర్చో అక్కా. బయటివాళ్ళతో నీకెందుకు?"

"కోత నాకొచ్చు కదరా."

"వచ్చులే. ఎవరు కాదన్నారు?"

తల్లి కూడా అక్కడే ఉంది. "వాడు కొడుకు కదే. బల్ల దగ్గర మొగాడుంటే దుకాణానికి నిండుదనం" అంది. అంతటితో ఆ సంగతి తేలిపోయింది. పొద్దున లేచి వెళ్ళేసరికి మిషను గోడవైపు తిరిగి ఉంది, ఆమె దాని ముందు కూర్చుంది, ఏళ్ళు గడిచిపోయాయి.

తమ్ముడు చెడ్డవాడని చెప్పను. చేతిలో పని ఫరవాలేదు. నోటి కోతలే ఎక్కువ. కొలత తప్పి ముక్క లోపలికొస్తే సూదక్క దాన్ని బల్ల మీదికి విసిరికొట్టేది. "ఇది మనిషి కూర్చునే సీటా, ఎద్దు మూపురమా?" అనేది. కాసేపటికి తనే లేచి వెళ్ళి ముక్క తెచ్చుకుని, లోపలే సరిచేసి కుట్టేది. అలా ఆమె సరిచేసిన బళ్ళు ఎన్ని రోడ్డు మీద తిరుగుతున్నాయో తమ్ముడికి తెలియదు. తెలుసుకోవాలని అతనూ అనుకోలేదు. సొమ్మొకడిది సోకొకడిది అంటారు కదా, ఆ సోకు తమ్ముడికి బాగా అతికింది.

అలాంటి రోజుల్లో పళ్ళ డాక్టరు తన పాత కారు తెచ్చాడు. తెచ్చాడంటే, ఇంకో బండికి తాడు కట్టి ఈడ్చుకొచ్చాడు. వాళ్ళ నాన్నగారి బండి. గుండ్రటి దీపాలు, వెడల్పాటి ముక్కు, ముందు ముగ్గురు దర్జాగా కూర్చునే పొడుగాటి సీటు. ఇంజనూ రంగూ వేరేచోట చేయించుకుంటాడట. లోపలి పనంతా వీళ్ళది. సీట్లు, తలుపుల లోపలి అట్టలు, పైకప్పు గుడ్డ, అన్నిటికన్నా ముఖ్యం కార్పెట్టు.

"చిన్నప్పుడు దూరప్రయాణాల్లో నేను వెనక సీటు ముందు కిందే పడుకునేవాణ్ణి. ఆ కార్పెట్టు మీదే నా నిద్రంతా. అది మళ్ళీ అలాగే కావాలి" అన్నాడు డాక్టరు. పాతకార్లవాళ్ళ సంఘం ఒకటుందని, ఏటా ప్రదర్శన పెడతారని, ఈ పని నచ్చితే వాళ్ళందరి బళ్ళూ ఇక్కడికే పంపిస్తానని కూడా అన్నాడు.

ఆ మాటతో తమ్ముడి కళ్ళు మెరిశాయి. అప్పటికే అతని మనసు పెద్దరోడ్డు మీద ఉంది. అక్కడ రెడీమేడ్ సీటు కవర్లు, రబ్బరు మ్యాట్లు అమ్మే షాపు తెరవాలని చూస్తున్నాడు. తను అక్కడ గల్లాపెట్టె దగ్గర కూర్చుంటే ఇక్కడ బల్ల దగ్గర ఎవరుంటారు? సూదక్క ఆ రోజే అడిగింది.

"నువ్వు అటు పోతే కోత నేను చూసుకుంటారా."

"చూద్దాంలే అక్కా. ముందు ఈ బండి కానీ."

చూద్దాం అనే మాటని ఆమె చిన్నప్పటినుంచీ వింటోంది. అయినా ఈసారి ఆశపడింది. ఆశకి సిగ్గుండదు.

బండి విప్పడం మొదలైంది. సీట్ల కింద ఎలకలు కాపురాలు పెట్టి, పిల్లల్ని పెంచి, ఖాళీ చేసి కూడా పోయాయి. స్ప్రింగులు తుప్పు పట్టి ముట్టుకుంటే విరిగాయి. కార్పెట్టు తడిసీ ఎండీ బూజు వాసన కొడుతోంది. దాని కింద రేకుని తుప్పు తినేసి నేల కనిపిస్తోంది. ఆ చిల్లులకి ముందు వెల్డింగువాడి చేత మాట్లు వేయించారు. ఎంత పాడైనా పాత ముక్క ఒక్కటి కూడా పారెయ్యకూడదు. కొత్తవి లోపల బిగించేదాకా పాతవే కొలత, పాతవే గురువులు. తల్లి గడప దగ్గర కూర్చుని వాటి కుట్లు ఒక్కొక్కటే విప్పి, చిరక్కుండా పక్కన పేర్చింది. కళ్ళు మసకబారినా కుట్టు విప్పడంలో ఆమె వేళ్ళు ఇంకా చురుకే.

వెనక సీటు అడుగున, ఎండా తడీ తగలని చోట, గుప్పెడు మేర పాత రంగు అలాగే మిగిలి ఉంది. దానిమ్మ గింజ ఎరుపు. ఆ ముక్క పట్టుకుని డాక్టరు ఎక్కడో మిల్లువాళ్ళ చేత ఉన్ని కార్పెట్టుకి అదే రంగు అద్దించి తెచ్చాడు. ఇంకో గజం కావాలన్నా ఆ రంగు మళ్ళీ పడదని మిల్లువాళ్ళు ముందే చెప్పేశారట.

సీట్లు సూదక్క కుట్టింది. సన్నటి మడతలు వరసగా, అంచు చుట్టూ తాడులా ఉబ్బిన పైపింగు, ఎక్కడా ఒక్క కుట్టు వంకర పోలేదు. అయ్యాక మిషను ఆపి అరచేత్తో ఒకసారి తడిమి చూసుకుంది. ఎవరూ చూడట్లేదని తనని తనే కాస్త మెచ్చుకుంది కూడా.

కార్పెట్టు మాత్రం తమ్ముడు కోశాడు. ముందువైపు రెండు ముక్కలూ కోసి, అంచు కట్టమని లోపలికి పంపి భోజనానికి కూర్చున్నాడు. అప్పుడే కరెంటు పోయింది. వెలుతురు కోసం సూదక్క ఆ రెంటినీ గుమ్మం దగ్గరికి తెచ్చి ఎండలో పక్కపక్కన పరిచింది. పరిచి అలాగే నిలబడిపోయింది.

"ఒరేయ్, ఇటు రా."

"ఏంటక్కా, తింటున్నా."

"తర్వాత తిందువుగానీ. ఇది చూశాక ముద్ద దిగితే దిగుతుంది."

తమ్ముడు వచ్చాడు. కుడి ముక్క దానిమ్మ గింజలా ఉంది. ఎడమ ముక్క వెలిసిన ఇటుకలా ఉంది.

"నీడపడి అలా ఉందేమో" అన్నాడు.

"నడినెత్తి ఎండలో నీడేంట్రా? పళ్ళతో పాటు కళ్ళు కూడా పీకించుకున్నావా డాక్టరు దగ్గర? చెయ్యి పెట్టి చూడు. ఇది ముందుకి వాలింది, ఇది వెనక్కి. బాణం గుర్తేది?"

ముక్కల వెనక గుర్తు లేదు. ఎప్పుడూ కోసేదేగా అని వెయ్యలేదు. గుడ్డలో ఒక పక్కన పొడుగాటి పట్టీ మిగిలితే కొత్త షాపుకి కాళ్ళ కింద మ్యాట్లు చేసుకోవచ్చని, ఎడమ ముక్కని తలకిందులుగా పెట్టి కోశాడు. కక్కుర్తి ఎంత చిన్నదో నష్టం అంత పెద్దది.

తమ్ముడు అక్కడే నేల మీద కూలబడ్డాడు. చేతికి ఇంకా మెతుకులు అంటుకునే ఉన్నాయి. "అయిపోయానక్కా. ఆ రంగు ఇంక దొరకదు. వాళ్ళ సంఘం మొత్తానికి తెలిసిపోతుంది. నేనిక నలుగురిలో తలెత్తుకోలేను. నువ్వే ఏదో ఒకటి చెయ్యి."

ఆమె రెండు ముక్కలూ ఎత్తుకుంది. లోపలికి వెళ్ళి మిగిలిన గుడ్డని బల్ల మీద పరిచింది. వెనకవైపు రెండు ముక్కలకీ, బండి నేల మధ్యలో ఉబ్బెత్తుగా ఉండే బుడిపెకీ ఉంచిన గుడ్డ అది. పాత ముక్కల్ని దాని మీద అటు పెట్టి, ఇటు జరిపి, తిప్పి, మళ్ళీ తీసేసి, చాలాసేపు చూసింది. తమ్ముడు గుమ్మానికి ఆనుకుని ఆమె మొహం చూస్తూ కూర్చున్నాడు.

"కత్తెర ఇలా తే" అంది చివరికి.

తెచ్చాడు. ఆమె పుచ్చుకుని కూడా కొయ్యలేదు.

"ఈ బండి వెళ్ళిపోయాక ఈ బల్ల నాది. కోసేది నేను. వచ్చినవాళ్ళతో మాట్లాడేది నేను. చూద్దాం గీద్దాం కాదు, ఇప్పుడే చెప్పు."

"నీదే అక్కా. నీదే."

"అమ్మ ఎదురుగా చెప్పు."

"అమ్మ మీద ఒట్టు. బల్ల నీదే."

గడప దగ్గర కుట్లు విప్పుతున్న తల్లి తల ఎత్తింది. "విన్నానే. కానివ్వు, పొద్దు పోతోంది" అంది.

సూదక్క చేసింది చెప్పడానికి తేలికే, చెయ్యడానికి గుండె కావాలి. వెనకవైపుకి ఉంచిన గుడ్డలోంచి ముందు ఎడమ ముక్కని సరైన వాలుతో కొత్తగా కోసింది. అదొక్కటి చెయ్యి జారితే బండి మొత్తం పోయినట్టే. ఇంక తమ్ముడు చెడగొట్టిన ముక్క ఉంది కదా, దాన్ని అటు కొస ఇటు తిప్పి పెడితే వాలు సరిపోతుంది, ఆకారమే సరిపోదు. దాన్ని నలుచదరంగా కత్తిరించి వెనకవైపు ముక్కగా చేసింది. అది జానెడు పొట్టిగా వచ్చింది. తమ్ముడు మ్యాట్లకని మిగుల్చుకున్న పట్టీ తెచ్చి ఆ జానెడూ అతికింది. అతుకు సరిగ్గా ముందు సీటు కిందికి వచ్చేట్టు చూసింది. కుట్టు మీదికి నూగుని సూదిమొనతో ఒక్కొక్క పోగే లాగి దువ్వింది. తల్లి రెండో కొస కదలకుండా పట్టుకుని ఆసాంతం ఎదురుగానే కూర్చుంది. అతుకు ఎక్కడుందో చూపించమంటే తమ్ముడే చూపించలేకపోయాడు.

ఆ సాయంత్రం సూదక్క ఎంత సంతోషంగా ఉందో చెప్పాలి. ఎందుకంటే తరవాత చెప్పడానికి అవకాశం రాదు. చాలా ఏళ్ళకి కత్తెర చేతిలోకి వచ్చింది, చెయ్యి ఏమీ మరిచిపోలేదు. మర్నాటినుంచి జనపనార పట్టా పరిచి, జిగురు పూసి, బుడిపె మీద గుడ్డని ఆవిరి పట్టి సాగదీసి బిగిస్తూ, ఆమె ఎవరినీ ఒక్క మాట కూడా అనలేదు. బల్ల అరల్లో తమ్ముడు కుక్కిన చెత్తంతా తీసి బయటపడేసింది. బల్లని సబ్బుతో కడిగింది. పక్కనున్న టీ కొట్టావిడ "ఏంటి సూదక్కా, మొహం వెలిగిపోతోంది?" అంటే, "ఇక మీదట నన్ను మేస్త్రీ అనాలి" అంది.

బండి తీసుకెళ్ళే రోజున డాక్టరు భార్యనీ, సంఘంలో స్నేహితుల్నీ వెంటబెట్టుకుని వచ్చాడు. బండిని షెడ్డులోంచి ఎండలోకి నెట్టారు. తలుపులు నాలుగూ తెరిచారు. ఎర్రటి కార్పెట్టు ఈ చివరినుంచి ఆ చివరిదాకా ఒకే రంగులో పరుచుకుని ఉంది. డాక్టరు చెప్పులు విప్పేశాడు. వెనక తలుపు దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, తను పడుకున్న చోటంతా చేత్తో తడిమాడు. తడుముతూ తడుముతూ చెయ్యి ముందు సీటు కిందికి పోనిచ్చాడు.

ఎంతైనా పళ్ళ డాక్టరు. కనిపించని చోట వేలు పెట్టి లోపం పట్టుకోవడమే ఆయన బతుకుతెరువు.

"ఇదేంటి, ఇక్కడ అతుకు ఉందే? పాతదానికి ఉండేది కాదు."

అందరూ తమ్ముడి వైపు చూశారు. అతని మొహంలో నెత్తురు లేదు. సూదక్కకి ఒక్క క్షణం జాలేసింది. సర్దిచెబుదామని ఆమె నోరు తెరిచేలోపే తమ్ముడు నవ్వాడు.

"మీ దగ్గర దాపరికమెందుకు సార్. మా అక్క తొందరపడి నూగు తిరగేసి కోసేసింది. మీ గుడ్డ మళ్ళీ దొరకదాయె. నాకు మతిపోయింది. ఇక నేనే కూర్చుని, ఆ ముక్కని వెనక్కి తిప్పి, అతుకు సీటు కిందికి వచ్చేట్టు సర్దాను. ఎండలో చూడండి, ఎక్కడైనా తేడా ఉందేమో."

స్నేహితులు వంగి చూశారు. తేడా లేదు. "భలే ఉపాయం మేస్త్రీ!" అన్నాడొకాయన. డాక్టరు లేచి తమ్ముడి భుజం తట్టాడు. మంచి మనిషి, ఆయన్ని అనడానికి ఏమీ లేదు. మంచి మనిషి కాబట్టే సూదక్క దగ్గరికి వచ్చి, మెల్లగా, ఆమెని నొప్పించకుండా అన్నాడు.

"పర్లేదమ్మా. పొరపాట్లు అందరికీ జరుగుతాయి. మీరేం బాధపడకండి."

సూదక్క తల్లి వైపు చూసింది. తల్లి గడపలోనే కూర్చుని ఉంది. కార్పెట్టు కొస పట్టుకున్న చేతులు, ఒట్టు విన్న చెవులు. ఆమె ఒక్క మాట చెబితే చాలు. కూతురు తన వైపే చూస్తోందని తల్లికి తెలుసు.

"చిన్నప్పటినుంచీ దానికి తొందరెక్కువ బాబూ" అంది తల్లి. "వాడుండబట్టి సరిపోయింది."

నోరు సూది అని పేరుపడ్డ మనిషి. పులికి మాంసం పెట్టుకోమన్న మనిషి. ఆ మాట విన్నాక ఆమెకి నోరు లేవలేదు. నిజం చెబితే తమ్ముడు అబద్ధాలకోరు అవుతాడు, అది ఆమెకి సంతోషమే. కానీ పదిమందిలో తల్లి కూడా అవుతుంది. కడుపు చించుకుంటే కాళ్ళ మీదే పడుతుంది.

"అవునండీ. పొరపాటే" అంది.

బండి వెళ్ళిపోయింది. టీ కొట్టావిడ ఆ పక్కన గ్లాసులు కడుగుతూ అంతా విన్నది. ఆ పూట సూదక్క టీకి వెళ్ళలేదు.

ఇంట్లో తల్లిని అడిగింది. గట్టిగా అడగలేదు. "ఎందుకన్నావమ్మా ఆ మాట?"

"నిన్నెవరు కొట్టారే, ఎవరు తిట్టారే? పర్లేదన్నాడుగా ఆ మహానుభావుడు. ఆడదానివి, లోపల కూర్చునేదానివి, నీకు పోయేదేముంది? వాడి పేరు పోతే దుకాణం పోయేది. అందరం రోడ్డున పడేవాళ్ళం."

"నాకు పేరు లేదా?"

తల్లి కంచం పెట్టింది. ఆ ప్రశ్న ఎప్పుడూ వినలేదేమో, అర్థమైనట్టు కూడా లేదు. "అన్నం తిను" అంది.

మర్నాడు సూదక్క బల్ల దగ్గరికి వెళ్ళేసరికి అక్కడ తమ్ముడి బామ్మర్ది నిలబడి ఉన్నాడు. ఎప్పుడూ ఘాటుగా సెంటు కొట్టుకుంటాడని వాణ్ణి అందరూ సెంటుబాబు అంటారు. వాడు కత్తెర పట్టుకుని గాలిని కత్తిరిస్తున్నాడు.

"బల్ల నాదన్నావు" అంది తమ్ముడితో. "అమ్మ మీద ఒట్టేశావు."

తమ్ముడు ఆమె వైపు నిజంగా బాధగానే చూశాడు. అదే నాకు ఒళ్ళు మండే సంగతి. దొంగబాధైతే ఎలాగో ఓర్చుకోవచ్చు.

"నేను కాదంటున్నానా అక్కా? నువ్వే ఆలోచించు. నీ చేత్తో నూగు తిరగేసి కోశావని అంతమందిలో తెలిసిపోయింది. ఇప్పుడు నిన్ను బల్ల దగ్గర నిలబెడితే ఎవరు బండి ఇస్తారు? కొన్నాళ్ళు పోనీ. జనం మరిచిపోయాక చూద్దాం."

తను కట్టిన అబద్ధాన్నే తెచ్చి ఆమె దారికి అడ్డంగా గోడ పెట్టాడు. తమ్ముడు చెప్పింది అబద్ధమని అక్కాతమ్ముళ్ళిద్దరికీ తెలుసు. అయినా ఆ మాటల్లో తప్పు పట్టడానికి ఏమీ లేదు. నిజంగానే ఇప్పుడు ఆమె కోస్తానంటే ఎవరూ బండి ఇవ్వరు. ఆ వారంలోనే సంఘంవాళ్ళు తమ్ముడి పేరు చెప్పుకుంటూ బళ్ళు పంపడం మొదలుపెట్టారు. నూగు తిరగేసిన సూదక్క కథ కూడా ఆ బళ్ళతోపాటే ఊరంతా తిరిగింది.

సూదక్క లోపలికి వెళ్ళి మిషను ముందు కూర్చుంది.

ఆ తరవాత వెనకగదిలోంచి ముక్కలు బయటికి విసిరిన చప్పుడు ఎవరూ వినలేదు. "అక్క మెత్తబడింది" అన్నాడు తమ్ముడు భార్యతో. తల్లి కూడా ఊపిరి పీల్చుకుంది. "వయసు వస్తోందిగా, బుద్ధి వచ్చింది" అంది.

సెంటుబాబు కోత గురించి చెప్పుకోవడం దండగ. అద్దెకార్లు నడిపే ఒకాయన తన కొత్త బండికి మఖమలు సీట్లు కావాలని గుడ్డ తెచ్చిచ్చాడు. సెంటుబాబు కోసి లోపలికి పంపాడు. సూదక్క ముక్కలు ఒళ్ళో పెట్టుకుని అరచెయ్యి వేసింది. డ్రైవరు సీటుకి నూగు కిందికి వాలి ఉంది, పక్క సీటుకి పైకి. మిగిలిన గుడ్డ బయట బల్ల మీదే ఉంది, ఇంకా కోయలేదు. ఒక్క కేక వేస్తే అయిపోతుంది.

కేక వెయ్యలేదు. మిషనులో దారం మార్చింది. పైపింగు కట్టింది. మడతలు సర్దింది. తిరగబడిన ముక్కని తిరగబడినట్టే, ఒక్క కుట్టు వంకర పోకుండా కుట్టి ఇచ్చింది. కక్ష తీర్చుకుంటే తియ్యగా ఉంటుందంటారు. ఉండలేదు. చెడిపోయిన ఆ సీటు నిండా ఉన్నది ఆమె కుట్టే. తండ్రి నేర్పిన చెయ్యి, ఇంత బతుకులో ఆమెకంటూ ఉన్నది అదొక్కటే. దాన్ని తనే చెడగొట్టుకుంటున్నానని తెలిసి, కళ్ళు తుడుచుకుని మరీ కుట్టింది.

అద్దెకార్లాయన బండి ఎండలోకి తీసి చూసి, తిరిగొచ్చి, వీధి అంతా వినిపించేట్టు అరిచి వెళ్ళాడు. సెంటుబాబు అప్పటికే ఎక్కడికో జారుకున్నాడు. తమ్ముడు ఊగిపోతూ వెనకగదిలోకి వచ్చాడు.

"కళ్ళ ముందు అంత తేడా ఉంటే చూసి కూడా ఎలా కుట్టావక్కా? ఒక్క మాట చెప్పాలా వద్దా?"

సూదక్క తల తిప్పలేదు.

"నాకేం తెలుసురా" అంది. "నూగు తిరగేసి కోసేదాన్ని."